తోడు వెళ్తున్నారా? మాట మాత్రం వాళ్లనే చెప్పనివ్వండి

పింఛను ఆగిపోయిందనో, వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో శాతం తక్కువ వేశారనో అర్జీ ఇవ్వడానికి వైకల్యం ఉన్నవాళ్లకు తోడుగా వెళ్తున్నారా? అయితే ముందు రోజే వాళ్ల దగ్గర కూర్చోండి. ఏం కావాలో అడగండి, మీరే ఊహించుకోకండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసి, చదివి వినిపించి, సరేనన్నాకే సంతకమో వేలిముద్రో వేయించండి. మాట స్పష్టంగా రాకపోతే బొమ్మలు చూపించి అడగండి, సైగలతో చెప్పనివ్వండి, తొందర మాత్రం పెట్టొద్దు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. అక్కడ చాలాసార్లు అధికారి మీ వైపు చూసి 'ఈయనకేం కావాలి?' అని అడుగుతారు. మనిషి ఎదురుగానే ఉన్నా లేనట్టు మాట్లాడటం నాకు చాలా బాధగా ఉంటుంది. మీరు జవాబు చెప్పకండి. 'ఆయన్నే అడగండి సార్' అని ఆగండి. కాసేపు ఎవరూ మాట్లాడరు, ఇబ్బందిగా ఉంటుంది, ఉండనివ్వండి. తడబడితే కాగితం చేతికివ్వండి, చాలు. రసీదు అడిగి తీసుకోండి.

పని కాకపోతే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. లాయరు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, వైకల్యం ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా సాయం చేస్తారు, 15100కు ఫోన్ చేసి కూడా అడగవచ్చు. ఏ దారిలో వెళ్లాలో మాత్రం వాళ్లే తేల్చుకోవాలి, అది మీకు నచ్చకపోయినా సరే.