లీడర్లు ఎయిడ్స్ గురించి చెప్పేది నమ్మాలా వద్దా, ఇలా చెక్ చేయండి

ముందు ఆ లీడర్ మాటలు పక్కన పెట్టి, మందు జనానికి చేరిందా లేదా అది చూడండి. సౌతాఫ్రికానే తీసుకోండి, 2000లో ప్రెసిడెంట్ ఎంబెకీ అసలు హెచ్ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందా అని డౌట్లు పెట్టాడు, ఆయన హెల్త్ మినిస్టరేమో వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయ తినమంది (పచ్చడి పెట్టుకోవడానికి కాబోలు). తల్లి నుంచి బిడ్డకి హెచ్ఐవీ రాకుండా ఆపే నెవిరపిన్ మందుని కంపెనీ ఫ్రీగా ఇస్తానన్నా కొన్ని ఆస్పత్రులకే ఇచ్చి ఊరుకున్నారు, 2002లో కోర్టు మొట్టికాయ వేస్తే గానీ కదల్లేదు.

లీడర్ "ఇంకా రీసెర్చ్ జరగాలి" అంటే ఎవరు చేస్తున్నారు, ఎప్పటికి అవుద్ది అని అడగండి. హార్వర్డ్ వాళ్ళ లెక్కలో సౌతాఫ్రికాలో ఆ ఆలస్యానికి 3,30,000 మందికి పైగా పోయారు.

మీకే హెచ్ఐవీ ఉందేమోనని డౌటుంటే స్పీచ్‌లు వినకుండా గవర్నమెంట్ ఆస్పత్రిలో ఐసీటీసీకి (హెచ్ఐవీ టెస్టు, కౌన్సెలింగ్ చేసే సెంటర్) వెళ్ళండి, టెస్టు ఫ్రీ, హెచ్ఐవీని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులూ ఫ్రీనే.