చత్వారం: దగ్గరి చూపులో వచ్చే ఇబ్బందులు, వాటి కారణాలు, సరిచేసుకునే మార్గాలు

సమస్య: ఫోనునో పుస్తకాన్నో చెయ్యి చాచి పట్టుకుంటే తప్ప అక్షరాలు కుదురుగా కనిపించవు.

దగ్గరి వస్తువును చూసినప్పుడు కంటి కటకం చుట్టూ ఉన్న సిలియరీ కండరం సంకోచిస్తుంది. దాంతో కటకాన్ని పట్టి ఉంచే సన్నని తంతువులు వదులై, కటకం తన సాగే గుణం వల్ల మధ్యలో ఉబ్బి, దృష్టిని దగ్గరకు తెస్తుంది. అయితే కటకంలో జీవితాంతం కొత్త పొరలు చేరుతూనే ఉంటాయి, పాతవి ఊడిపోయే దారి లేదు; అందువల్ల అది ఏటేటా గట్టిపడుతుంది. పదేళ్ల వయసులో 12 డయాప్టర్లకు (కటకం శక్తిని కొలిచే ప్రమాణం) పైగా ఉండే ఈ సర్దుబాటు శక్తి నలభై నాటికి 5, 6 డయాప్టర్లకు దిగుతుంది. 40 సెంటీమీటర్ల దూరంలో చదవడానికి కావలసింది 2.5 డయాప్టర్లే అయినా, ఉన్న శక్తిలో సుమారు సగం మిగిలి ఉంటేనే కన్ను అలసట లేకుండా పని చేయగలదు కనుక, లోటు తెలిసివచ్చేది సరిగ్గా నలభై దాటాకే. చత్వారింశత్ అంటే నలభై కాబట్టి, మనవాళ్లు దీనికి చత్వారమని పేరు పెట్టడం ఎంతో సబబుగా ఉంది.

పరిష్కారం ప్లస్ పవరు అద్దాలు. సాధారణంగా 1.00తో మొదలై, యాభై ప్రాంతంలో 2.00కు, అరవై నాటికి 2.50కు చేరి, ఆ తర్వాత పెద్దగా పెరగదు. అద్దాలు పెట్టుకుంటే కళ్లు వాటికి బానిసలై పవరు పెరుగుతుందన్న భయంతో ఏళ్ల తరబడి వాయిదా వేసేవారు చాలామంది ఉన్నారు. పెట్టుకున్నా మానినా కటకం గట్టిపడే వేగం ఒక్కటే. కంటి వ్యాయామాలూ దానిని మెత్తబరచలేవు. పైలోకార్పిన్ చుక్కలు కంటిపాపను చిన్నది చేసి కొన్ని గంటలపాటు దగ్గరి చూపును మెరుగుపరుస్తాయి గానీ, వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడదగినవి కావు.

సమస్య: దుకాణంలో కొన్న రెడీమేడ్ అద్దాలతో చదివితే తలనొప్పి వస్తోంది.

ఆ అద్దాల్లో రెండు కళ్లకూ ఒకే పవరు ఉంటుంది, కంటి వంపులోని తేడాను సరిచేసే సిలిండర్ పవరు ఉండదు. రెండు కళ్ల చూపూ సమానంగా ఉండి, సిలిండర్ పవరు అవసరం లేనివారికి అవి చక్కగా సరిపోతాయి. 2018లో తెలంగాణలో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో చాలామందికి రీడింగ్ అద్దాలను అక్కడికక్కడే ఇవ్వగలిగారంటే కారణమిదే. తేడా ఉన్నవారు మాత్రం పరీక్ష చేయించుకుని విడిగా చేయించుకోవాలి.

సమస్య: పుస్తకం స్పష్టంగా ఉంది, కంప్యూటర్ తెర మాత్రం మసకగా ఉంది.

ఇది అద్దం లోపం కాదు, దూరం లెక్కలో వచ్చిన తేడా. 40 సెంటీమీటర్లకు ఇచ్చిన పవరు 60 సెంటీమీటర్ల దూరంలోని తెరకు ఎక్కువవుతుంది. పరీక్షకు వెళ్లేముందు కూర్చునే చోటు నుంచి తెర ఎంత దూరంలో ఉందో టేపుతో కొలిచి చెప్పాలి. దర్జీలు, కంసాలులు సైతం తమ పని దూరాన్ని చెప్పి తీరాలి. పైన దూరానికీ కింద దగ్గరికీ వేరు వేరు పవరు ఉండే బైఫోకల్ అద్దాల కింది భాగంతో తెరను చూడబోయి గడ్డం పైకెత్తి మెడనొప్పి తెచ్చుకునేవారికి, కంప్యూటర్ కోసం విడిగా ఒక జత ఉండడమే మేలు. పై నుంచి కిందికి పవరు క్రమంగా మారే ప్రోగ్రెసివ్ అద్దాలు కొత్తగా పెట్టుకున్నవారు మెట్లు దిగేటప్పుడు తల వంచి చూడాలి.

సాయంత్రం పూట మాత్రమే ఇబ్బందిగా ఉంటే వెలుతురు చాలడం లేదన్నమాట. మసక వెలుగులో కంటిపాప పెద్దదై, స్పష్టంగా కనిపించే దూరాల పరిధి తగ్గిపోతుంది. పుస్తకం మీద నేరుగా పడేలా దీపం పెట్టుకోవాలి. మైనస్ పవరు ఉన్నవారు అద్దాలు తీస్తేనే చదవగలగడం కూడా సహజమే: మైనస్ 2.50 ఉన్న కన్ను ఏ ప్రయాసా లేకుండా 40 సెంటీమీటర్ల దగ్గరే కేంద్రీకరిస్తుంది.

సమస్య: ఏళ్లుగా రీడింగ్ అద్దాలు వాడుతున్నవారికి ఉన్నట్టుండి అవి అవసరం లేకుండా పోయాయి.

ఇంట్లో అందరూ సంతోషించే ఈ మార్పునే నేను ఎక్కువగా అనుమానిస్తాను. కటకం మధ్యభాగంలో శుక్లం ముదిరితే కంటికి మైనస్ పవరు వచ్చి దగ్గరి చూపు బాగుపడినట్టు అనిపిస్తుంది. అదే సమయంలో దూరపు చూపు తగ్గుతుంది. రక్తంలో చక్కెర హెచ్చుతగ్గులైనా పవరు మారుతుంది గనుక, మధుమేహం ఉన్నవారు చక్కెర అదుపులోకి వచ్చి కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే కొత్త అద్దాలు చేయించుకోవాలి.

ఒక కంటిలోనే చూపు హఠాత్తుగా తగ్గినా, తలుపు అంచు వంటి సరళరేఖలు వంకరగా కనిపించినా అది చత్వారం కాదు, రెటీనా (కంటి వెనుక పొర) సమస్య కావచ్చు. ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు వెళ్లాలి. ఏ లక్షణమూ చూపకుండా చూపును తినేసే నీటికాసుల జబ్బు (గ్లాకోమా) కూడా నలభై దాటాకే ఎక్కువ కనుక, మొదటి జత అద్దాలు తీసుకునేనాడే కంటిలోని ఒత్తిడినీ కంటి నరాన్నీ పరీక్ష చేయించుకోవాలి.