పెరటి పురుగులు, నాలుగో పాఠం: ముందు ఆకు, తరువాత పురుగు

నూగున్న పురుగును ముట్టుకోవద్దని మూడో పాఠంలో రాశాను. నూగు లేనిదాన్ని ముట్టుకోవచ్చని చాలామంది అర్థం చేసుకున్నారు. బరంపురంలో ఒక పెద్దాయన కొబ్బరాకు మీది ఆకుపచ్చ పురుగును వేళ్లతో తీశారు. దాని ఒంటిపై కురచ ముళ్ల కుచ్చులుంటాయి. చేయంతా మంట, దద్దుర్లు. పొరపాటు నా మాటలదే. నియమం మారుస్తున్నాను: తెలియని పురుగు ఏదైనా చేత్తో ముట్టుకోవద్దు. కుడితే అక్కడ టేపు అంటించి పీకి, సబ్బునీళ్లతో కడగండి. ఊపిరి బరువైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక అసలు పని. పురుగు పేరు వెతకకండి, అది తింటున్న మొక్క పేరు రాసుకోండి. జిల్లేడు మీద నలుపు, పసుపు, తెలుపు పట్టీలతో మూడు జతల నల్లటి తంతువులున్నది సీతాకోకచిలుక పిల్ల. వదిలేయండి. నందివర్ధనం మీద తోకకొమ్ముతో, నీలి కళ్లలాంటి మచ్చలతో కనిపించేది కుట్టదు. ములగ మాను మీద గుంపుగా అతుక్కున్న బొచ్చు పురుగులను మాత్రం ఉపేక్షించకండి. ములగను సజనా అనే ఒడియా ఇళ్లలోనూ ఆ చెట్టుకు పట్టే పీడ ఇదే.

నాకు బాధ కలిగించేది కరివేప సంగతి. “రెండు రకాల పురుగులు పట్టాయి, మందు కొట్టాను” అని రాయగడ నుంచి, పర్లాకిమిడి నుంచి రాశారు. అవి రెండు రకాలు కావు, ఒకే సీతాకోకచిలుక పిల్ల! పిట్టరెట్టలా గోధుమ, తెలుపు మచ్చలతో ఉన్నదే నాలుగుసార్లు కుబుసం విడిచి పచ్చగా మారుతుంది. కదిలిస్తే తల వెనక నుంచి నారింజరంగు చీలిక కొమ్ము చాచి ఘాటైన వాసన వదులుతుంది. అది బెదిరింపు మాత్రమే, విషం కాదు. రేపు పులుసులో వేసుకునే ఆకు మీద మందు ఎందుకు? చెట్టు ఎదిగినదైతే తిననివ్వండి, మళ్లీ చిగురిస్తుంది. జానెడు మొక్కయితే పురుగున్న రెమ్మను కత్తిరించి నిమ్మ మీదో మారేడు మీదో గుచ్చండి. నేను ఒక కరివేపను పూర్తిగా వాటికే విడిచిపెట్టాను.

టమాటా ఆకు జల్లెడలా మారి అడుగున పిల్లపురుగులు గుంపుగా ఉంటే అది లద్దెపురుగు. ఆ ఆకును తుంచి సబ్బునీళ్లలో వేయండి.

అభ్యాసం: కరివేప మీది ఒక పురుగును రెమ్మతో సహా సీసాలో పెట్టి, పలుచని గుడ్డ కట్టండి. రోజూ తాజా ఆకు వేసి, పెంటికలు తీసి, రంగు రాసుకోండి. రెక్కలు వచ్చేదాకా ఒక్కరోజూ మానవద్దు. అయిదో పాఠం ఆ రాతలతోనే మొదలవుతుంది.