1941 నాటి ఇంగ్లీషు స్కూలు డ్రెస్సు చూళైలో కుట్టుకోవడం ఎలా

యాన్యువల్ డే సీజన్ వచ్చిందంటే మా కొట్లో కాలు పెట్టే చోటుండదు. రాముడి పంచె, ఝాన్సీ రాణి చీర, తమిళ కవి భారతి తలపాగా కళ్లు మూసుకుని కుట్టేస్తాను. మాది నెల్లూరు వైపు. పెళ్లయి మద్రాసు చూళైకి వచ్చి ముప్పయ్యొక్క ఏళ్లు, అందులో పాతికేళ్లు స్కూలు యూనిఫారాలతోనే గడిచాయి. అలాంటి నన్ను ఇంగ్లీషు పిల్లల డ్రెస్సు ఒకసారి నిలువునా ముంచింది. మీరైనా మునగకూడదని ఇది రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట ఒక టీచరమ్మ వచ్చింది. "అక్కా, 1941లో లండన్ మీద బాంబులు పడ్డప్పటి నాటకం. గ్రామర్ స్కూలు పిల్లలు తొమ్మిది మంది. ఇదిగో, అచ్చం ఇలాగే కావాలి" అని ఫోన్లో ఫొటో చూపించింది. చీలమండల దాకా నీలం కోటు, నడుముకి తోలు బెల్టు, కాళ్లకి పసుపు మేజోళ్లు. "ఇంత పొడుగైతే పిల్లలు తట్టుకుని పడతారమ్మా" అన్నాను. "పడరులే అక్కా" అంది. రెండు కోట్లు కుట్టేశాక మా అమ్మాయి భోజనం చేస్తూ చూసి, "ఇది వేరే స్కూలమ్మా" అంది. వాటిలో ఒకటి తర్వాత అక్బరు పాదుషా వేషానికి పోయింది. రెండోది ఇంకా ట్రంకు పెట్టెలోనే ఉంది.

కాబట్టి కత్తెర పట్టకముందే ఏ ఏడాది, ఏ రకం స్కూలు అని అడగండి. ఆ నీలం కోటు క్రైస్ట్స్ హాస్పిటల్ అనే స్కూలుది. పేరులో హాస్పిటల్ ఉన్నా అది బడే. 1552లో లండన్‌లో దిక్కులేని పిల్లల కోసం పెట్టారు. అప్పట్లో నీలం రంగు చవక, అందుకే ధర్మానికి నడిచే బళ్లు చాలావరకు పిల్లలకి నీలమే తొడిగేవి. ఆ స్కూలు 1902లో హోర్షమ్ అనే ఊరికి మారింది, కోటు మాత్రం ఇవాళ్టికీ అదే. మన మద్రాసు కోటలోనూ 1715లో ఇంగ్లీషువాళ్లు ఒక ధర్మబడి పెట్టారు. ఇప్పటి సెయింట్ జార్జ్ స్కూలు దాని వారసురాలే.

గ్రామర్ స్కూళ్ల కథ వేరు. గ్రామర్ అంటే లాటిన్ వ్యాకరణం, అది నేర్పడానికి పెట్టిన బళ్లవి. మాంచెస్టర్ గ్రామర్ స్కూలు 1515 నాటిది. అంత పాత బళ్లే అయినా చాలాకాలం వాటిలో మనం అనుకునే యూనిఫారం లేదు, ఎవరింటి బట్టలు వాళ్లవి. టై, టోపీ, బ్లేజర్ పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో డబ్బున్నవాళ్ల బళ్ల ఆటస్థలాల నుంచి వచ్చాయి. టోపీ క్రికెట్‌ది. బ్లేజర్ పడవ పందాలది: కేంబ్రిడ్జ్‌లో లేడీ మార్గరెట్ బోట్ క్లబ్ కుర్రాళ్లు మంటలా మండే ఎర్ర కోట్లు వేసేవారు, ఆ మంట వల్లే బ్లేజర్ అనే పేరొచ్చిందంటారు. 1902లో ఇంగ్లండ్‌లో వచ్చిన చదువుల చట్టం తర్వాత ఊరి కౌన్సిళ్లు కూడా హైస్కూళ్లు నడపడం మొదలుపెట్టి, గొప్పింటి పిల్లల వేషాన్ని అలాగే దించేసుకున్నాయి. మా వీధి కాన్వెంట్ పిల్లలు మే ఎండలో టై కట్టుకుని స్పెషల్ క్లాసుకి పోతుంటే నాకు ఆ పడవలే గుర్తొస్తాయి.

ఇక 1941. ఆ ఏడాది జూన్ 1న ఇంగ్లండ్‌లో బట్టలకి రేషన్ పెట్టారు. పెద్దవాళ్లకి మొదటి ఏడాదికి 66 కూపన్లు. ఆ రేషన్ 1949 మార్చి దాకా సాగింది. అంటే నాటకంలో ఏ పిల్లాడికీ డ్రెస్సు సరిగ్గా అతికినట్టు ఉండకూడదు. కొత్తగా కొన్నవాడిది వదులుగా ఉండాలి, అన్నది తొడుక్కున్నవాడిది వెలిసిపోయి ఉండాలి, పొడుగయిపోయినవాడిది బిగుతుగా ఉండాలి. టీచర్లు దీనికి ఒప్పుకోరు, అందరూ ఒకేలా మెరవాలంటారు. మీరు మాత్రం పట్టు వదలొద్దు.

గుడ్డకి గోడౌన్ స్ట్రీట్‌కి వెళ్లండి. అసలు నిక్కర్లు బూడిద రంగు ఉన్నివి, మద్రాసులో స్టేజీ లైట్ల కింద అవి వేస్తే పిల్లలు ఉడికిపోతారు. టెర్రికాట్ వద్దు, లైటు పడితే తళతళలాడుతుంది. మెరుపు లేని కేస్‌మెంట్ గుడ్డ బూడిద రంగులో తీసుకోండి. పక్కా రంగు అడక్కండి, వెలిసే రంగే మనకి కావాలి.

నిక్కరు మోకాలి చిప్పకి వేలెడు పైన ఆగాలి, కాళ్లు వెడల్పుగా గంటలా ఉండాలి. కింద మూడు అంగుళాల మడత వదిలి, చేత్తో వదులు కుట్లు వేయండి. నడుము దగ్గర వెనక కుట్టులోనూ రెండంగుళాలు దాచండి. ఇద్దరు ముగ్గురు పిల్లల నిక్కర్లు ఆ మడతతోనే ఉతికి, వారం రోజులు మేడ మీద ఎండలో పడెయ్యండి. తర్వాత మడత విప్పి అంగుళం దించి మళ్లీ కుట్టండి. పాత మడత ఉన్నచోట గీత, దాని కింద ఎండ తగలని ముదురు రంగు పట్టీ కనిపిస్తాయి. మా అమ్మ ప్రతి జూన్‌లో నా నీలం పావడా ఇలాగే దించేది. ఆరో తరగతికి వచ్చేసరికి కింద మూడు గీతలు, మూడు నీలాలు. నాకు సిగ్గేసి పుస్తకాల సంచి అడ్డం పెట్టుకునేదాన్ని. ఇంగ్లండ్ తల్లులు చేసిందీ అదే పని.

టోపీ చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ తేలిక. పదకొండేళ్ల పిల్లాడి తల చుట్టుకొలత ఇంచుమించు 21 అంగుళాలు. ఆరు ముక్కలు చేస్తే ఒక్కోటి మూడున్నర, కుట్టుకి అటూ ఇటూ పావు కలిపి అడుగున నాలుగు. ఎత్తు ఐదున్నర, పైకి ఆకులా సన్నబడాలి. నడినెత్తిన గుడ్డ చుట్టిన గుండీ. ముందు చూరుకి అట్ట పెట్టకండి, చెమటకి మెత్తబడి వేలాడుతుంది. పాత ప్లాస్టిక్ ఫైలు కత్తిరించి పెట్టండి.

టై దగ్గర చాలామంది తప్పుతారు. ఇంగ్లీషు స్కూలు టై గీతలు వేసుకున్నవాడి ఎడమ భుజం వైపు నుంచి కుడి పక్కకి దిగాలి. అంటే ఎదురుగా చూసే మనకి కుడి నుంచి ఎడమకి. అటుదిటైతే అమెరికా టై అవుతుంది. నిలువు గీతల కాటన్ గుడ్డ మీటరు తీసుకుని క్రాస్‌లో కత్తిరిస్తే ఏటవాలు గీతలు వాటంతటవే వస్తాయి. కత్తెర వేసే ముందు గుడ్డని మెడ దగ్గర పట్టుకుని అద్దంలో చూడకండి, అద్దం తిప్పి చూపిస్తుంది. పక్కవాళ్లని చూసి చెప్పమనండి. నేను చూసుకోకుండా నాలుగు పాడుచేశాను. రెడీమేడ్ ఎలాస్టిక్ టైలు మాత్రం వద్దే వద్దు.

ఆడపిల్లలకి జిమ్‌స్లిప్. మన కాన్వెంట్ పినాఫోర్‌కి అక్కలాంటిది. 1890లలో ఆడపిల్లల కసరత్తు కోసం పుట్టి, తర్వాత క్లాసులోకి వచ్చేసింది. ముదురు నీలం గుడ్డ, ముందు మూడు, వెనక మూడు బాక్స్ ప్లీట్లు, నడుముకి గుడ్డ పట్టీ. రెండున్నర అంగుళాల ప్లీటు ఒక్కోటి ఏడున్నర గుడ్డ తింటుంది. అంటే ముందు 15, వెనక 15 అంగుళాలు అదనం. ముందే లెక్కేసుకోకపోతే చంకల దగ్గర గుడ్డ చాలదు. పొడుగు ఎంతంటే, పిల్లని మోకాళ్ల మీద నిలబెట్టి అంచు నేలకి నాలుగంగుళాల పైన ఉండేలా చూడండి. అప్పట్లో చాలా బళ్లలో ఇలాగే కొలిచేవారు.

అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే క్లాసులో ఏమిటని ఎవరైనా అడగొచ్చు. గ్రామర్ స్కూళ్లు ఎక్కువగా ఎవరివి వాళ్లకే ఉండేవి. టీచరమ్మకి నేనే ఉపాయం చెప్పాను: 1939 సెప్టెంబర్ 1 నుంచి పట్నం పిల్లల్ని రైళ్లెక్కించి పల్లెలకి పంపారు, అక్కడ ఒకే భవనాన్ని రెండు బళ్లు పంచుకున్న చోట్లున్నాయి. కథని ఆ ఊళ్లో పెట్టుకోండి అన్నాను. ఆవిడ సంతోషంగా రెండు డైలాగులు మార్చుకుంది.

అలా పంపిన పిల్లల భుజాన దారం కట్టిన అట్టపెట్టె ఉండేది, అందులో గ్యాస్ మాస్కు. కోటుకి పేరు రాసిన చీటీ. స్వీటు షాపు అరకిలో డబ్బాలకి గోధుమ రంగు కాగితం అంటించి పురికొస కట్టండి, చాలు.

బ్లేజర్ అందరికీ వద్దు, ఇద్దరికి చాలు. లైనింగ్ లేకుండా ముందు పట్టీకి మాత్రం బక్రమ్ అనే బిరుసు గుడ్డ వేసి, మూడు అతుకు జేబులు, రొమ్ము జేబు మీద బ్యాడ్జి పెట్టండి. మిగతావాళ్లకి బూడిద రంగు స్వెటరు. బ్యాడ్జి మీద నిజం స్కూలు గుర్తు పెట్టకండి, ఏదో ఒక పక్షి బొమ్మ కుట్టించండి. నేను నెమలి పెట్టబోతే మా అమ్మాయి ఆపింది, గుడ్లగూబ చేశాం.

నాటకం అయ్యాక ఆ స్కూలు డ్రెస్సులు తమ దగ్గర చోటు లేదని నాకే ఇచ్చేసింది. మొన్న జూన్‌లో ఇంకో స్కూలు వాటినే అద్దెకి అడిగింది. ఈసారి పిల్లలు కాస్త పొడుగు. మడతలు విప్పి దించాను. రెండు నిక్కర్లకి లోపల ఇంకా అంగుళంన్నర గుడ్డ మిగిలే ఉంది.