నీతి ఏమిటి అని అడక్కండి: పిల్లలతో కథ చదివి మాట్లాడించడం ఎలా

మా అపార్ట్‌మెంట్‌లో ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఉన్న పిల్లలతో ఆదివారం సాయంత్రాలు కథలు చదవడం మొదలుపెట్టినప్పుడు నేను చేసిన మొదటి తప్పు, మూడొందల పేజీల నవల చేతికిచ్చి వారంలో చదివి రమ్మనడం. పద్నాలుగు మంది వచ్చినచోట రెండో వారానికి ముగ్గురు మిగిలారు, అందులో ఒకడు మావాడే.

మీరు ఆ పని చెయ్యకండి. వాళ్ళకున్న హోంవర్కులు చాలు. పావుగంటలో అయిపోయే కథ తీసుకుని, అందరూ వచ్చి కూర్చున్నాక అక్కడే పైకి చదవండి. ఇంగ్లీష్ మీడియం పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు కానీ చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతారు, అప్పుడు పక్కవాడు కిసుక్కున నవ్వాడా, ఆ పిల్ల మళ్ళీ రాదు. అందుకే మొదట్లో మీరే చదవండి, తర్వాత ఎవరైనా నేను చదువుతానంటే ఒక పేరా ఇవ్వండి.

మాకు బాగా కలిసొచ్చింది గురజాడ 'దిద్దుబాటు'. 1910 నాటిది, చిన్న కథ, కాపీరైట్ గొడవ లేదు కాబట్టి జిరాక్స్ తీసి పంచేశాను. గోపాలరావు సానిపాట విని అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు, భార్య కమలిని ఉండదు, ఉత్తరం ఉంటుంది. సరిగ్గా ఆ ఉత్తరం దగ్గర ఆపి, కాగితాలు బోర్లా పెట్టించి, "నిజంగానే వెళ్ళిపోయిందంటారా?" అని అడిగాను. అడిగాక నోరు మూసుకోవడమే అసలు కష్టం. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి, ఈలోపు ఎవరో ఒకరు ఉండబట్టలేక మాట్లాడతారు. "పోతేనే బాగుండు" అంది తొమ్మిదో తరగతి పిల్ల. కథ అయ్యాక ఇంటర్ కుర్రాడు, "ఒక్క రాత్రికే మారిపోతాడా అంకుల్, వారం ఆగి మళ్ళీ వెళ్తాడు" అన్నాడు. అంతవరకూ ఫోన్ చూసుకుంటున్నవాడు తలెత్తి, "భార్య మీది కోపానికి మధ్యలో పనివాడు రాముడెందుకు దెబ్బ తినాలి?" అన్నాడు. ఈ కథ ఎన్నిసార్లు చదివానో, రాముడి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

కథలో నీతి ఏమిటి అని మాత్రం అడక్కండి, అడిగితే అందరూ పరీక్షలో రాసే జవాబే చెప్తారు. నువ్వయితే ఏం చేసేవాడివి, ఎవరి మీద కోపమొచ్చింది, ఇలాంటివి చాలు. తల్లిదండ్రులను లోపలికి రానివ్వద్దు, మొహమాటం అక్కర్లేదు. ఒకాయన కూర్చుని కూతురు చెప్పే ప్రతి మాటా దిద్దుతుంటే ఆ పిల్ల నోరు మూతపడిపోయింది.

పుస్తకాలకు ముందు దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి వెళ్ళండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం కదా, వాడుకుందాం. డిసెంబరులో హైదరాబాద్‌లోనో, జనవరిలో విజయవాడలోనో పుస్తకాల పండక్కి తీసుకెళ్తే తలా రెండొందలు ఇచ్చి పక్కకు తప్పుకోండి. దయ్యాల కథలు కొన్నా, జపాన్ బొమ్మల పుస్తకాలు కొన్నా కళ్ళెర్రజెయ్యొద్దు, వచ్చే ఆదివారం దాని గురించే చెప్పమనండి.

ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్ళారో నోట్‌బుక్‌లో వాళ్ళ చేతే రాయించండి. కొన్ని ఎలాగూ పోతాయి. మా దగ్గర పోయిందనుకున్న ఒకటి ఆర్నెల్ల తర్వాత తిరిగొచ్చింది, అట్ట ఊడిపోయి, మధ్య పేజీలో మిరపకాయ బజ్జీ నూనె మరకతో.