మురుగు శుద్ధి ప్లాంటుకు అమృత్ 2.0 (పట్టణాల్లో నీరు, మురుగు పనులకు కేంద్రం పథకం) నిధులు అడిగే ముందు జాగ్రత్తలు

- పట్టణ జనాభా చూసుకోండి. 10 లక్షలు దాటితే కేంద్రం వాటా 25 శాతం, 1–10 లక్షల మధ్య మూడో వంతు, లక్ష లోపు సగం. మిగతాది ఎవరు భరిస్తారో రాతపూర్వకంగా తేల్చుకోండి.

- డబ్బు 20, 40, 40 శాతం చొప్పున మూడు విడతల్లో వస్తుంది.

- స్థలం మున్సిపాలిటీ పేరిటే ఉందా? నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. భూమి చిక్కు తేలకుండా డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) పంపితే తర్వాత టెన్షనే.

- సరఫరా నీటిలో సుమారు 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని లెక్కేస్తారు. ఇళ్ల కనెక్షన్లు లేకపోతే అది ప్లాంటుదాకా చేరదు, చెరువులోకే పోతుంది. ఆ ఖర్చూ అంచనాలో కలపండి.

- వాన నీటిని చెరువుకు మళ్లిస్తున్నారా? వానలేని రోజు కాలువ వెంట నడవండి. నీరు పారుతుంటే మురుగు కలుస్తున్నట్టే.