పి అక్షరంతో చిన్న ఇంగ్లిష్ మాటలు, అర్థాలు: పిల్లోళ్లకి ఇంట్లోనే ఎట్ల నేర్పాలంటే

చాలా ఇళ్లల్లో ఏబీసీడీలు అయిపోతానే మూడక్షరాల మాటల పుస్తకం ఒకటి కొనిచ్చి రోజుకి ఇన్ని మాటలని బట్టీ కొట్టిస్తారు, పిల్లోడు కొడతాడు, వారం తిరిగేసరికి మర్చిపోతాడు. ఆ మాటలకి ఒకదానికొకటి సంబంధం ఉండదు కదా మరి, ఎట్ల గుర్తుంటాయి. దానికంటే ఒక్క అక్షరం పట్టుకొని, దాంతో మొదలయ్యే చిన్న మాటల్ని ఇంట్లో చేన్లో కనిపించేవాటికి తగిలిస్తే బాగా నిలుస్తాయి. నేనైతే పి తో మొదలుపెట్టమంటా, అనంతపురం సైడు ఉండేవాళ్లకి అంత వాటంగా ఉండే అక్షరం ఇంకోటి లేదు.

ముందు పలక మీద పి రాసి, కొంచెం ఖాళీ వదిలి టి రాయండి. ఆ ఖాళీలో ఏ, ఈ, ఐ, ఓ, యూ ఒక్కోటే పెట్టి చదివించండి. ప్యాట్ అంటే చేత్తో మెల్లగా తట్టడం, పెట్ అంటే ఇంట్లో ముద్దుగా సాకే కుక్కో పిల్లో, పిట్ గుంత, పాట్ కుండ, పుట్ అంటే పెట్టు. ఐదుకి ఐదూ మాటలే. ఇప్పుడు టి తుడిచేసి ఎన్ రాయండి. ప్యాన్ అంటే పెనం, పెన్ తెలిసిందే, పిన్ గుండుసూది, పన్ అంటే ఒక్క మాటలో రెండర్థాలు పలికించే చమత్కారం. ఓ పెడితే మాత్రం పనికొచ్చే మాటేం రాదు, అది మీరు చెప్పొద్దు, వాడే కనుక్కోవాల.

ఇక్కడ మనోళ్లకి ఎక్కువ తేడా కొట్టేది ప్యాన్, పెన్ దగ్గరే, రెండూ ఒకే మాదిరి పలికేస్తారు. దీనికి మన తెలుగులోనే మందుంది. మేక అనండి, తర్వాత మేకు అనండి. మేక అన్నప్పుడు నోరు ఇంకొంచెం ఎక్కువ తెరుచుకుంటుంది, గమనించినారా? ఆ మేకలో సౌండుని పొట్టిగా చేస్తే ప్యాన్, మేకులోదాన్ని పొట్టిగా చేస్తే పెన్. నాలుగుసార్లు పక్కపక్కనే అనిపిస్తే చాలు.

యూ తోనూ ఒక తిరకాసుంది. పన్, పప్, పబ్, పస్ వీటన్నిట్లో అ సౌండే వస్తుంది, పుట్, పుష్, పుల్ లో మాత్రం ఉ వస్తుంది. రూల్ వెతకొద్దు, ఆ మూడింటినీ విడిగా ఒక మూల రాసి పెట్టండి. పుష్, పుల్ ఏటీఎం తలుపు మీదే ఉంటాయి, పోయినప్పుడు పిల్లోడితోనే చదివించి వాడితోనే తీయించండి (మన పెద్దోళ్లు కూడా పుల్ చూసి నెట్టేవాళ్లే సగం మంది).

ఇంక అర్థాల సంగతి. చిన్న మాటలంటే చిన్న అర్థాలనుకుంటారు కానీ వీటికే అర్థాలు ఎక్కువ. పెగ్ తీసుకోండి, మనోళ్లకి ముందు గుర్తొచ్చేది ఏందో చెప్పక్కర్లేదు, అది పిల్లోళ్లకి వద్దు. బట్టలు తగిలించే కొయ్య పెగ్గే, గుడారం తాళ్లు కట్టేదానికి నేలలో కొట్టేది కూడా పెగ్గే. దీనికంటే మనకి దగ్గరిది శెనక్కాయ చేన్లో ఉంది. పూత పూసినాక దాని అడుగు నుంచి సూది మాదిరి ఊడ ఒకటి కిందికి దిగుతుంది చూడండి, దాన్ని ఇంగ్లిష్‌లో పెగ్ అంటారు, ఎకరాకి 200 కిలోల జిప్సం వెయ్యమనేది ఈ పూత, ఊడల టైంలోనే. ఆ ఊడ కొన నేలలోకి పోయి ఊరి కాయైతే అది పాడ్. ఒక చెట్టు పీకి మన్ను దులిపి పిల్లోడి చేతికిస్తే, ఇంకా నేల తగలని ఊడలూ, తెల్లగా లేత కాయలూ, ముదురు కాయలూ ఒక్కదానికే కనిపిస్తాయి, ఏది పెగ్గు ఏది పాడ్ అని వేలు పెట్టి చూపించమనండి. పాడ్ కి ఓ, పరీక్షకి తీసుకుపోయే ప్యాడ్ కి ఏ, అది కూడా అప్పుడే చెప్పేయండి.

చీనీ (బత్తాయి) తోట ఉండేవాళ్లకైతే ఇంకా సులువు. మొక్క నాటేదానికి తీసే గుంత పిట్, కాయ కోస్తే లోపల ఉండే చిన్న విత్తనం పిప్, తీసే తొక్క పీల్. గొర్రెలుంటే పెన్ కి రెండో అర్థం చూపించొచ్చు, గొర్రెల్ని తోలి మూసే దొడ్డిని కూడా పెన్ అంటారు. స్పెల్లింగ్ ఒకటే, రాసే పెన్నుకి దీనికీ ఏం సంబంధం లేదు.

అర్థాలు వచ్చినాక ఈ మ్యాజిక్ చూపించండి: పిన్ చివర ఒక ఈ చేరిస్తే పైన్, ప్యాన్ చివర చేరిస్తే పేన్ అంటే కిటికీ అద్దం, పిప్ చివర చేరిస్తే పైప్. చివర ఈ పలకదు కానీ మధ్యలో అక్షరాన్ని సాగదీస్తుంది.

నిన్న జరిగినట్టు చెప్పాలంటే ప్యాట్, పిన్ లాంటివాటికి చివరక్షరం ఇంకోసారి రాసి ఈడీ పెట్టాల. పుట్ కి మాత్రం నిన్నైనా ఈరోజైనా పుట్టే, పుటెడ్ అనేది లేదు.

పి బాగా వచ్చినాక బి కి పోండి, అదే పలక, అదే ఖాళీ: బ్యాట్, బెట్, బిట్, బట్. క్యూ, ఎక్స్ జోలికి ఇప్పుడే పోవద్దు, క్యూ పక్కన దాదాపు ఎప్పుడూ యూ ఉండాల్సిందే, ఎక్స్ తో మొదలయ్యే చిన్న మాటలు దొరకనే దొరకవు.